బేసి కంకి

మాధవి టీచరు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు కోరుట్ల మొత్తంలో ఎవరూ లేరు. టీ నిలబడే తాగుతుంది. ఫోను నడుస్తూనే మాట్లాడుతుంది. బడికి పోయే బస్సులో సీటు దొరికినా సరే, దిగాల్సిన ఊరు ఇంకా రెండు స్టేజీలు ఉండగానే లేచి తలుపు దగ్గర నిలబడుతుంది. "నువ్వు ముందుగల్ల లేస్తె బస్సు ముందుగల్ల పోతదా?" అని భర్త ధనుంజయ్ ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో లెక్కలేదు. పోదని ఆమెకూ తెలుసు. లెక్కల టీచరుకు ఆ మాత్రం తెలియదా? తెలుసు గానీ, కాళ్లు మాట వింటేగా!

ఇదేమీ పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, పుట్టిన చోటు పెట్టిన అలవాటు. సిరిసిల్లలో వాళ్ల ఇంటి వెనక గోడకు అవతలే మరమగ్గాల షెడ్డు. తండ్రి రాజలింగం అందులోనే మగ్గాలు నడిపేవాడు. ఆ చప్పుడులోనే మాధవి పాలు తాగింది, ఆ చప్పుడులోనే ఎక్కాలు బట్టీ పట్టింది. ఆ ఇంట్లో నిద్ర చెడేది చప్పుడుకు కాదు, చప్పుడు ఆగినప్పుడు. ఆగిందంటే కరెంటు పోయిందనో, నూలు రాలేదనో, మగ్గం మీద ఎవరి చేతికో దెబ్బ తగిలిందనో అర్థం. అందరూ దిగ్గున లేచి కూర్చునేవాళ్లు. నలభై దాటినా మాధవికి నిశ్శబ్దమంటే ఇప్పటికీ గుబులే. క్లాసులో పిల్లలు ఒక్క నిమిషం మౌనంగా ఉంటే తట్టుకోలేదు, ఆ ఖాళీని చాక్‌పీసు చప్పుడుతో నింపేస్తుంది. ప్రశ్న అడుగుతుంది, పిల్లలు నోరు తెరిచేలోపు జవాబూ తనే చెప్పేస్తుంది.

ఆ ఇంట్లో ఇంకొక సంగతి కూడా నేర్చుకుంది. నేసిన తానును సేటుకు పంపే ముందు మడతపెట్టడం తల్లి రాధమ్మ పని, రెండో కొస పట్టుకోవడం మాధవి పని. నేతలో పోగు తెగి గీత పడిన చోటు వచ్చిందంటే, రాధమ్మ మడతను కాస్త అటో ఇటో జరిపి ఆ గీత లోపలికి పోయేలా మడిచేది. "డ్యామేజీ కండ్లకు ఆనద్దు బిడ్డా, లోపలికి పోవాలె," అనేది. మోసం చేస్తున్నామన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. చెప్పులు గడప బయట విడిచినట్టే అదీ ఒక పద్ధతి. రాధమ్మ పోయి చాలా ఏళ్లయింది గానీ, ఆ మడత మాత్రం కూతురి చేతుల్లో ఉండిపోయింది.

మల్లాపూర్ అవతలి ఒక ఊళ్లో, సర్కారు హైస్కూల్లో మాధవి లెక్కలు చెబుతుంది. కిందటి వేసవిలో ఒక శిక్షణ తరగతిలో ఎవరో తెర మీద బొమ్మలు వేసి, చెట్టూ చేమా అన్నిట్లోనూ లెక్క ఉంటుందని చూపించారు. పువ్వు రెక్కలు ఎక్కువగా మూడు, ఐదు, ఎనిమిది అంటూ ఒక వరుసలో నడుస్తాయన్నారు. పొద్దుతిరుగుడు గింజల సుడులు కూడా ఆ వరుసనే పట్టుకుంటాయన్నారు. ఆ రోజుతో మాధవి కాళ్లకు కొత్త పని దొరికింది. తొమ్మిదో తరగతిని వెంటేసుకొని ప్రహరీ గోడ పొడవునా, కాలువ గట్టు మీదా తిరగడం మొదలుపెట్టింది. తంగేడు రెక్కలు లెక్కపెట్టించింది, ఐదు. గన్నేరు, ఐదు. జిల్లేడు, ఐదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. గేటు పక్కనున్న నూరువరహాల చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పువ్వుకు నాలుగే రెక్కలున్నాయి. ఆమె చెప్పిన వరుసలో నాలుగు లేదు.

"గది ఇడిసిపెట్టుండ్రి. ముందుకు నడువుండ్రి," అంది మాధవి.

అందరూ నడిచారు. శ్రావణి అనే పిల్ల ఒక్కతే కాసేపు ఆ చెట్టు దగ్గర ఆగి, తర్వాత వచ్చి కలిసింది.

శ్రావణి ప్రభుదాస్ కూతురు. ప్రభుదాస్ కూలి పనులకు పోతాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. సొంత భూమి లేదు. నాయనమ్మ రాజవ్వ ఊళ్లోవాళ్ల మొక్కజొన్న చేన్లలో మక్కలు విరవడానికి పోతుంది. శ్రావణి క్లాసులో నోరు తెరవడమే తక్కువ. తెరిస్తే మాత్రం ఒక్క మాట వృథా పోదు. ఆ మక్కల కాలంలో ఒక రోజు ఆ పిల్ల ఉడకబెట్టిన కంకి ఒకటి పట్టుకొని మాధవి దగ్గరికి వచ్చింది.

"మేడం, గిది చూడుండ్రి. చుట్టూ వరుసలు లెక్కవెట్టిన. పద్నాలుగున్నై. మా ఇంట్ల ఉడకవెట్టినయి అన్ని లెక్కవెట్టిన. పన్నెండన్న ఉంటున్నై, పద్నాలుగన్న ఉంటున్నై, పదహారన్న ఉంటున్నై. పదమూడు లేదు, పదిహేను లేదు. అన్ని సరి సంఖ్యలే అస్తున్నై. ఎందుకు మేడం?"

మాధవికి ఒళ్లు జల్లుమంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మక్క కంకి తింటూనే ఉంది, ఒక్కసారైనా వరుసలు లెక్కపెట్టాలని తోచలేదు. ఇంటికి పోయి పుస్తకాలు తిరగేసింది. లేత కంకి మీద మొలిచే ప్రతి మొగ్గా రెండుగా చీలుతుందట. అందుకే గింజల వరుసలు జంట జంటగా వస్తాయి, జంటలు కాబట్టి మొత్తం సరి సంఖ్యే అవుతుంది. మర్నాడు ఈ సంగతి చెప్పగానే బడి బడంతా కంకుల మీద పడింది. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ కూడా తింటూ తింటూ వేలితో వరుసలు లెక్కపెట్టుకుంది.

హెడ్మాస్టరు సురేందర్ సారుకు మాత్రం ఈ సంబరం ఎక్కలేదు. "మేడం, గిట్ల చెట్లెంబడి తిరిగితె టెన్త్ రిజల్టు అస్తదా?" అని గదిలోకి పిలిచి అడిగాడు. "ఒక పని చేద్దాం. జగిత్యాల సైన్సు ఎగ్జిబిషన్ల మీ కంకుల ప్రాజెక్టు సెలెక్టయితె, మీ ఇష్టమున్నట్టు తిరుగుండ్రి. కాకుంటె ఇగ గైడ్లు, టెస్టు పేపర్లే. నన్ను అననద్దు మల్ల."

ఇంకేముంది, మాధవికి నిలకడ పూర్తిగా పోయింది. గెలిస్తే ఆరుబయటి పాఠం బతుకుతుంది, ఓడితే పోతుంది. నలుగురి ముందు మాట్లాడేది శ్రావణే అని నిర్ణయించింది. ప్రభుదాస్ వచ్చి, చేతులు కట్టుకొని నిలబడి, "మా బిడ్డ భయపడ్తదేమో మేడం. గని అబద్ధం మాత్రం ఆడది. సదువు నాకు రాదు, నేను నేర్పింది గదొక్కటే," అన్నాడు. మాధవి నవ్వి, "లెక్కలల్ల అబద్ధం నడువది తియ్యి," అంది.

చార్టు తయారైంది. 'మక్క కంకిలో వరుసలు ఎప్పుడూ సరి సంఖ్యే' అని ఎర్ర స్కెచ్చు పెన్నుతో పెద్ద అక్షరాలు. బుట్ట నిండా ఎండిన కంకులు. అంతా సిద్ధమై, తెల్లారితే జగిత్యాల పోవాలనగా, సాయంత్రం బడి విడిచే వేళకు శ్రావణి పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఒక కంకి ఉంది.

"మా నాయనమ్మకు కుప్పల దొరికింది మేడం. పదమూడు."

"మల్ల లెక్కవెట్టు."

"నాలుగు సార్లు లెక్కవెట్టిన."

మాధవి లాక్కున్నంత పని చేసి, ఒక వరుస మీద పెన్నుతో గీత గీసి, వేలితో చుట్టూ తిప్పుతూ లెక్కపెట్టింది. పదమూడు. ఎడమ నుంచి కుడికి పదమూడు, కుడి నుంచి ఎడమకు కూడా పదమూడే. ఆమె వరండాలో ఆ చివరికి ఈ చివరికి నాలుగు చక్కర్లు కొట్టింది.

"గీ కంకికి ఏదో రోగమచ్చి ఉంటది. పక్కకు వెడుదాం."

"చార్టుల 'ఎప్పుడూ' తీసేసి 'శానా మట్టుకు' అని రాద్దాం మేడం," అంది శ్రావణి. "గిది గూడ బుట్టలనే వెడుదాం."

"ఇప్పుడా? చార్టంత ఖరాబైతది. 'శానా మట్టుకు' అంటె ఎవలకు ఆనుతది? వద్దు."

"రేపు ఎవరన్న అడిగితె?"

"ఎవ్వరడుగరు."

ఆ మాట అంటూనే కంకిని చేతిరుమాలులో చుట్టి, హ్యాండు బ్యాగులో అడుగున పెట్టి, జిప్పు లాగేసింది. చేతులు వాటంతటవే చేసేసిన పని అది. పారేయలేదు, ఎందుకు పారేయలేదో ఆమెకే తెలియదు. శ్రావణి ఆ జిప్పు వైపు చూసి, తలూపి, వెళ్లిపోయింది.

జగిత్యాలలో ఎగ్జిబిషన్ జరిగే హాలు కిక్కిరిసిపోయింది. ఒక బల్ల మీద అట్టముక్కల రాకెట్టు, ఇంకో బల్ల మీద నీళ్లు ఎత్తిపోసే యంత్రం, ఎటు చూసినా పిల్లల కేకలు. ప్రభుదాస్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కొని వచ్చి, కూతురి బల్లకు కాస్త ఎడంగా గోడకు ఆనుకొని నిలబడ్డాడు. మాధవి బల్ల చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ, సరిగ్గా ఉన్న చార్టునే పదే పదే సరిచేస్తోంది.

మార్కులు వేసేవాళ్లలో వెంకటేశం సారు అని ఒకాయన, కాలేజీలో బోటనీ చెబుతాడట, శ్రావణి బల్ల దగ్గర ఆగాడు. శ్రావణి తడబడకుండా అంతా చెప్పింది. మొగ్గ రెండుగా చీలడం, వరుసలు జంటలు కావడం, అన్నీ. ఆయన బుట్టలోంచి మూడు నాలుగు కంకులు తీసి తనే లెక్కపెట్టి చూసుకున్నాడు. ముఖంలో సంతోషం కనిపించింది.

"మంచిగుందమ్మా. శానా కంకులు చూసినట్టున్నరు. ఒక్కదాంట్లనన్న బేసి సంఖ్య రాలేదా?"

శ్రావణి మాధవి వైపు చూసింది. రెప్పపాటే. మాధవి చెయ్యి బ్యాగు జిప్పు మీద ఉంది.

"లేదు సార్. ఒక్కటి గూడ రాలే."

గొంతు వణకలేదు. నిజం చెప్పినప్పుడు ఎలా ఉందో అప్పుడూ అలాగే ఉంది. గోడ దగ్గర ప్రభుదాస్ గర్వంగా నవ్వాడు. వెంకటేశం సారు చేతిలోని కాగితం మీద ఏదో రాసుకొని పక్క బల్లకు కదిలాడు.

తల్లి మాధవికి మడత నేర్పడానికి ఏళ్లు పట్టింది. ఈ పిల్లకు తను ఒక్క సాయంత్రంలో నేర్పేసింది, అదీ ఎంత నున్నగా! ఒక్క గీత కూడా పైకి కనపడలేదు. సిగ్గుతో ఆమె చెవులు మండిపోయాయి. నిలబడలేకపోయింది, ఆగి ఆలోచించనూ లేకపోయింది. జిప్పు లాగి, రుమాలు విప్పి, పరుగులాంటి నడకతో పోయి వెంకటేశం సారును వెనక్కి పిలుచుకొచ్చి, కంకిని బల్ల మీద పెట్టింది.

"సార్, గిది నిన్న దొరికింది. పదమూడున్నై. పక్కకు వెట్టుమన్నది నేనే."

ఆయన కంకి తీసుకొని లెక్కపెట్టాడు. తర్వాత శ్రావణిని చూశాడు.

"గిది నీకు తెలుసా అమ్మా?"

శ్రావణి తల దించుకుంది. గోడ దగ్గర ప్రభుదాస్ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అలాగే నిలబడ్డాడు. "ముందే చెప్పి ఉంటె బాగుండు," అని మెల్లగా అని, వెంకటేశం సారు వెళ్లిపోయాడు. ప్రాజెక్టు సెలెక్టు కాలేదు. రాకెట్టు అయింది.

హాలు బయట నిమ్మసోడా బండి దగ్గర మాధవి శ్రావణిని ఆపింది. ప్రభుదాస్ దూరంగా, బుట్ట పట్టుకొని, ఇటు చూడకుండా నిలబడ్డాడు.

"తప్పు నాది బిడ్డా," అంది మాధవి.

శ్రావణి కళ్లు ఎర్రబడ్డాయి గానీ ఏడవలేదు. "మీ ఇజ్జత్ పోవద్దని లేదని చెప్పిన మేడం. మీరేమొ మా బాపు ముంగట నన్ను పట్టిచ్చిన్రు. తప్పు మీదైతె, అబద్ధం నాదెట్లయింది?"

బస్సు వచ్చింది. తండ్రీ కూతుళ్లు ముందు ఎక్కారు. కోరుట్ల దాకా మాధవి తలుపు దగ్గర నిలబడే ఉంది, సీట్లు ఖాళీగా ఉన్నా.

మర్నాడు ఆదివారం. ఇంట్లో కాలు నిలవలేదు. కూర పొయ్యి మీద మాడింది, తలుపులు రెండుసార్లు తుడిచింది. "నన్ను గూడ తుడుస్తవా ఏంది?" అన్నాడు ధనుంజయ్. చెప్పులేసుకొని సిరిసిల్ల బస్సెక్కింది. రాజలింగానికి ఇప్పుడు వినికిడి మందగించింది. మగ్గాల పని మానేసి చాలా కాలమైంది, గడప ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని రోడ్డు చూస్తూ కూర్చుంటాడు. మాధవి ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగింది.

"బాపూ, మనం డ్యామేజీ లోపలికి మడిచెటోళ్లం గదా. సేటుకు ఎన్నడన్న దొరికిందా?"

రాజలింగం పళ్లు లేని నోటితో హాయిగా నవ్వాడు. "దొరుకకెందుకుంటది? తాను ముట్టంగనే సేటు మొదలు లోపలి మడుతనే ఇప్పెటోడు."

"మల్లెందుకు మడిచినం?"

"అందరు మడిచెటోళ్లు, మనం మడిచినం." కుర్చీని కాస్త కూతురి వైపు తిప్పుకున్నాడు. "పైకే కనవడేటట్టు వెడితె, కండ్ల ముంగట్నే గింత ఉంటె లోపలెంతున్నదో అని సేటు తాను మొత్తం వాపసిస్తడని మీ అమ్మకు భయం. మడువుడే మేలనేది. ఏందే, గియ్యాల గిది యాదికచ్చింది?"

"ఏం లేదు," అంది మాధవి. ముద్ద నోట్లో పెట్టుకోకుండానే తిరుగు బస్సెక్కింది.

సోమవారం శ్రావణి బడికి రాలేదు. సురేందర్ సారు టెస్టు పేపర్ల కట్ట మాధవి చేతిలో పెట్టాడు, మాట మీద నిలబడే మనిషి. మాధవి రోజంతా గేటు వైపు చూస్తూ గడిపింది. పిల్ల మంగళవారం వచ్చింది. ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి, చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చుంది.

మాధవి టెస్టు పేపర్లు పక్కన పెట్టి కంకిని బల్ల మీద నిలబెట్టింది.

"గిది బేసి కంకి. గిది దొరికినప్పుడు చార్టు మారుద్దామని శ్రావణి చెప్పింది. నేను వద్దని దాచిన. జగిత్యాలల శ్రావణి 'ఒక్కటి గూడ రాలే' అన్నది, అది అబద్ధమే. నేను దాచవట్కె చెప్పింది. ఆ అబద్ధం నాది, ఆమెది కాదు. ప్రభుదాస్ ఇంటికి పోయి గీ మాటే చెప్పస్త." ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు చెప్పుండ్రి. జంటలుగ రావల్సిన వరుసలు పదమూడెట్లయినై?"

క్లాసు చడీచప్పుడు లేకుండా అయిపోయింది. మాధవి నాలుక మీద జవాబులు వరసగా నిలబడ్డాయి. తెగులు కావచ్చు, నీళ్లు చాలక కావచ్చు, పురుగు కావచ్చు. చాక్‌పీసు వేళ్ల మధ్య నలుగుతోంది. కాలు బల్ల కింద దడదడ కొట్టుకుంటోంది. ఆమె కుర్చీ లాక్కొని కూర్చుంది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మాధవి మేడం కూర్చోవడం వాళ్లెన్నడూ చూడలేదు.

చాలాసేపటికి చివరి బెంచీ కిర్రుమంది. శ్రావణి నడిచొచ్చింది. మాధవి వైపు చూడకుండా కంకిని తీసుకొని, మొదట్లో, కాడ ఉండే చోట, బొటనవేలి గోరుతో గింజలు ఒక్కొక్కటే ఒలవడం మొదలుపెట్టింది. గింజలు టపటపా బల్ల మీద రాలాయి. రెండు వరుసల నడుమ ఒక చోట ఆ పిల్ల చెయ్యి ఆగింది. అక్కడ ఊకలాగా ఎండిపోయిన సన్న గింజలు నాలుగైదు, బెండుకు అంటుకొని ఉన్నాయి.

"ఉన్నది మేడం పద్నాలుగోది. గీడ మొదలై గీడ్నే ఎండిపోయింది. పక్కపొంటి వరుసలు లావై దీన్ని కప్పేసినై. జంట సక్కగనే పుట్టింది."

పిల్లలంతా బల్ల మీదికి విరగబడ్డారు. మాధవి వంగి చూసింది. నిజమే. సంతోషం తన్నుకొచ్చింది, దాని వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ ఎండు గింజలు ఆ సాయంత్రం నుంచీ తన బ్యాగులోనే ఉన్నాయి.

శ్రావణి కంకిని మాధవి చేతిలో పెట్టింది.

"మీరు దాచకుండ ఆనాడే బల్ల మీద వెడితె, ఆ సారు ముంగట్నే ఒలుద్దును మేడం. మా బాపు గూడ చూసేటోడు."

అని వెనక్కి పోయి, చివరి బెంచీలోనే కూర్చుంది. బడి గంట మోగేదాకా మాధవి కుర్చీలోంచి లేవలేదు.